పురపాలక టెండర్లలో తరచూ వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

చిన్న పురపాలికలో కొనుగోళ్లకంటూ ప్రత్యేక విభాగం ఉండదు. అంచనా వేసేదీ, టెండరు పత్రం తయారుచేసేదీ, బిడ్లు పరిశీలించేదీ, చివరికి పని కొలిచి బిల్లు రాసేదీ దాదాపు ఆ ఇద్దరు ముగ్గురే. అందుకే తప్పు ఒకచోట జరిగితే అది బయటపడేది ఇంకోచోట. బిడ్లు తెరిచిన రోజు వచ్చే గొడవకు మూలం చాలాసార్లు ప్రకటన ఇవ్వకముందే, అంచనాలోనో పరిమాణాల పట్టికలోనో ఉంటుంది. వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

లక్షణం: ఒక్క బిడ్డే వచ్చింది, లేదా ఒక్కటీ రాలేదు

ఇలా జరగగానే అదే పత్రానికి తేదీలు మార్చి మళ్లీ పిలుస్తారు. మళ్లీ అదే ఫలితం. మూడోసారికి "ఎవరూ రావడం లేదు కదా, నామినేషన్ మీద ఇచ్చేద్దాం" అన్న మాట, అంటే టెండరు లేకుండా నేరుగా ఒకరికి అప్పగించే మాట, మొదలవుతుంది. దానికి ముందు చేయాల్సింది ఒకటుంది: పత్రం తీసుకుని కూడా బిడ్ వేయనివాళ్ల జాబితా తీసి, గడువు ముగిశాక వాళ్లను ఒక్కొక్కరినే కారణం అడగాలి. జవాబు ఫైల్లో రాసి పెట్టాలి. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

ఎక్కువగా వినిపించే కారణం గడువు. స్థలం చూసుకోవాలి, సరఫరాదారుల దగ్గర రేట్లు తెప్పించుకోవాలి, బ్యాంకు గ్యారంటీ తేవాలి. గ్యారంటీ ఒక్కదానికే వారం పట్టొచ్చు. మామూలు వస్తువులకు 2 వారాలు, నిర్మాణ పనులకు కనీసం 3 నుంచి 4 వారాలు ఇవ్వడం మంచిది. ప్రశ్నలు పంపే గడువు మొదటి సగంలోనే ముగియాలి. లేకపోతే చివరి రెండు రోజుల్లో సవరణ ప్రకటన ఇవ్వాల్సి వచ్చి, అప్పటికే సిద్ధమైనవాళ్ల లెక్కలన్నీ తలకిందులవుతాయి. ముఖ్యమైన సవరణ ఇస్తే గడువు కూడా పొడిగించాల్సిందే.

రెండోది అర్హత షరతులు. పాత పెద్ద పని పత్రం నుంచి టర్నోవర్ షరతును ఎత్తి చిన్న పనికి అతికించడం మామూలే. యూరోపియన్ యూనియన్ 2014 నాటి కొనుగోళ్ల ఆదేశంలో దీనికి పరిమితి ఉంది: ప్రత్యేక కారణం చూపితే తప్ప, కనీస వార్షిక టర్నోవర్‌ను కాంట్రాక్టు అంచనా విలువకు రెండింతలకు మించి అడగకూడదు. మీ నిబంధనల్లో ఏమీ లేకపోయినా ఈ కొలబద్ద పనికొస్తుంది.

మూడోది స్పెసిఫికేషన్. బ్రాండు పేరు రాయకపోయినా, ఒకే కంపెనీ క్యాటలాగులోని కొలతలు మిల్లీమీటరుతో సహా దించితే ఆ పేరు రాసినట్టే. పంపు కావాలంటే దాని పొడవు, బరువు, రంగు కాదు. గంటకు ఎన్ని ఘనపు మీటర్లు, ఎన్ని మీటర్ల హెడ్ (నీటిని ఎక్కించాల్సిన ఎత్తు), ఆ స్థితిలో కనీస సామర్థ్యం ఎంత శాతం, నీటిలో ఇసుక ఎంత, విడిభాగాలు ఎన్ని రోజుల్లో అందాలి అన్నవి రాయాలి. పాత యంత్రానికి సరిపడే భాగమే కావాల్సి వచ్చి బ్రాండు రాయక తప్పకపోతే "లేదా తత్సమానం" అని చేర్చి, ఏ లక్షణాల్లో సమానంగా ఉండాలో కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఆ రెండు మాటలూ అలంకారమే.

లక్షణం: అంచనా కంటే బాగా లెస్‌కు వేశారు

అంచనాకు 30 శాతం తక్కువకు బిడ్ వస్తే సంతోషించడమూ తొందరే, తిరస్కరించడమూ తొందరే. ముందు మన అంచనాలో రేట్లు ఏ తేదీవో చూడాలి. అవి సరిగ్గానే ఉంటే బిడ్డరును రాతపూర్వకంగా రేటు విశ్లేషణ అడగాలి: సామగ్రి, కూలి, యంత్రాలు, నిర్వహణ ఖర్చు, లాభం విడివిడిగా. ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట సంఘం 2011లో రూపొందించిన నమూనా చట్టం కూడా మరీ తక్కువ బిడ్‌ను తోసిపుచ్చే ముందు వివరణ అడగాలనే చెబుతుంది. వచ్చిన జవాబును భౌతిక పరిమాణాలతో పోల్చాలి. ఒక ఘనపు మీటరు మామూలు నిర్మాణ కాంక్రీటుకు సుమారు 300 నుంచి 400 కిలోల సిమెంటు పడుతుంది. ఆ సిమెంటు ధరకే బిడ్ రేటు చాలడం లేదంటే మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో అడిగి తీరాలి.

మొత్తం మామూలుగానే ఉండి విడి రేట్లు వింతగా ఉండటం ఇంకా ప్రమాదం. పట్టికలో మట్టి తవ్వకం 2,000 ఘనపు మీటర్లు, రాతి తవ్వకం 100 ఘనపు మీటర్లు అని ఉందనుకుందాం. బిడ్డర్ ఎ మట్టికి 10, రాతికి 40 చొప్పున వేశాడు, మొత్తం 24,000. బిడ్డర్ బి మట్టికి 8, రాతికి 70 వేశాడు, మొత్తం 23,000. పని బికి దక్కింది. తీరా తవ్వితే మట్టి 1,500, రాయి 600 తేలింది. ఎ అయితే 39,000తో పోయేది. బికి 54,000 చెల్లించాలి. ఇక్కడ ఏ నిబంధనా ఉల్లంఘించలేదు. నేల కింద ఏముందో బికి తెలుసు, పురపాలికకు తెలియదు, అంతే.

దీనికి మందు మూడు చోట్ల వేయాలి. అంచనాకు ముందు పరీక్ష గుంతలు తవ్వించాలి. వాటి ఖర్చు ఇలాంటి తేడాతో పోలిస్తే సాధారణంగా చాలా తక్కువ. మూల్యాంకనంలో అనుమానం ఉన్న అంశాల పరిమాణాలను పెంచి, తగ్గించి తిరిగి లెక్కకట్టాలి. అలా చూసినప్పుడు బిడ్డర్ల వరుస మారిపోతే మన పట్టిక నమ్మదగినది కాదన్నమాట. అప్పుడు ఒక బిడ్డరుకు అనుకూలంగా వ్యాఖ్యానించకుండా, పట్టిక సరిచేసి మళ్లీ పిలవడమే మేలు. కాంట్రాక్టులో కూడా ఒక షరతు ఉండాలి: ఏ అంశమైనా పట్టికలో చూపినదానికి, ఉదాహరణకు, 25 శాతం మించితే ఆ అదనపు పరిమాణానికి కొత్త రేటు నిర్ణయించాలి.

లక్షణం: బిడ్లు చాలా వచ్చాయి, పోటీ మాత్రం లేదు

అవే నాలుగు పేర్లు, వంతులవారీగా గెలుపు. ఓడినవాళ్ల రేట్లన్నీ గెలిచినదాని కంటే ప్రతి అంశంలోనూ ఒకే శాతం ఎక్కువ. ఇద్దరి పత్రాల్లో ఒకే అక్షరదోషం, ఒకే కూడిక తప్పు. ధరావతు (బిడ్‌తో పాటు కట్టే హామీ సొమ్ము) డ్రాఫ్టులు ఒకే బ్యాంకు శాఖ నుంచి, పక్కపక్క నంబర్లతో. గెలిచినవాడి దగ్గర ఓడినవాడే ఉపకాంట్రాక్టరు. వీటిలో ఒక్కటి కనిపిస్తే యాదృచ్ఛికం కావచ్చు, రెండు మూడు కలిస్తే రింగ్ అయ్యారనే, అంటే ముందే కుమ్మక్కయ్యారనే అనుకోవాలి.

ఇక్కడ చేయకూడని పని వాళ్లను పిలిచి నిలదీయడం. సాయంత్రానికల్లా ఆధారాలు మాయమవుతాయి. కవర్లతో సహా అసలు పత్రాలు, ఎలక్ట్రానిక్ ఫైళ్లు భద్రపరిచి, పోటీ చట్టాన్ని అమలుచేసే సంస్థకు నిశ్శబ్దంగా తెలియజేయాలి. రాబోయే టెండర్లలో, బిడ్ ధరను తోటి బిడ్డర్లతో చర్చించలేదని సంతకం చేసే ధ్రువపత్రం అడగాలి. ప్రీ-బిడ్ సమావేశం (బిడ్లు వేయకముందు సందేహాలు తీర్చే సమావేశం) హాజరు పట్టికను గడువు ముగిసేదాకా ఎవరికీ ఇవ్వకూడదు. పారదర్శకత పేరుతో ఎవరెవరు పత్రం తీసుకున్నారో ముందే ప్రకటిస్తే, రింగ్ ఎవరితో మాట్లాడుకోవాలో మనమే చెప్పినట్టు. ఆ వివరాలన్నీ బయటపెట్టాల్సిందే, కానీ బిడ్లు తెరిచాక.

లక్షణం: ఒకే సరఫరాదారుకు, పరిమితికి కొంచెం దిగువన, వరుసగా ఆర్డర్లు

గత 12 నెలల ఆర్డర్లను సరఫరాదారు, వస్తువు వారీగా వరుసపెట్టండి. టెండరు తప్పనిసరయ్యే పరిమితిలో 90 నుంచి 100 శాతం మధ్య ఆర్డర్లు కుప్పపడితే పనిని ముక్కలు చేస్తున్నారు. ప్రతిసారీ దురుద్దేశమే ఉండదు. వీధి దీపాలో, బ్లీచింగ్ పౌడరో ఏడాదికి ఎంత కావాలో ఎవరూ ముందే లెక్క వేయకపోవడమే చాలాసార్లు కారణం. అయినా ఆడిట్ అభ్యంతరం ఒక్కటే. ఏడాది అవసరం మొత్తానికి ఒకే టెండరు పిలిచి రేటు కాంట్రాక్టు కుదుర్చుకుంటే, కావాల్సినప్పుడు కావాల్సినంత తెప్పించుకోవచ్చు.

లక్షణం: ఎంపిక ప్రకటించగానే ఫిర్యాదులు

ప్రశ్నకు ఒకరికే ఫోన్‌లో జవాబు చెప్పడం, పత్రంలో లేని ప్రమాణానికి మార్కులు వేయడం, ఒకరి లోపాన్ని క్షమించి అదే లోపానికి ఇంకొకరిని తీసేయడం. కారణాలు దాదాపు ఈ మూడే. ఏ లోపం సరిదిద్దుకోనివ్వాలి (ధ్రువపత్రం నకలు లేకపోవడం), ఏది బిడ్‌నే పడగొడుతుంది (ధరావతు, సంతకం లేకపోవడం) అన్న పట్టికను టెండరు పత్రంలోనే ఇవ్వాలి. గడువు దాటి ఒక్క నిమిషం ఆలస్యమైనా కవరు తెరవకుండా తిప్పి పంపాలి. ఎంపిక తెలియజేసిన వెంటనే ఒప్పందం రాసుకోకుండా కనీసం 10 రోజులు ఆగాలి. సంతకాలయ్యాక వచ్చే ఫిర్యాదును సరిదిద్దడం చాలా ఖరీదు.

లక్షణం: పనులు సరిగ్గా జరిగినా, వచ్చే ఏడాది రేట్లు పెరిగాయి

అంచనాలు, షరతులు, గడువు అన్నీ సరిగ్గా ఉన్నా ఇలా జరిగితే బిల్లుల రిజిస్టరు తీయండి. ఆరు నెలలకు డబ్బు వచ్చే చోట కాంట్రాక్టరు ఆ ఆరు నెలల వడ్డీని రేటులోనే కలుపుతాడు. కలపలేనివాడు అసలు రాడు. నిధులు కేటాయించినట్టు లెక్కల విభాగం సంతకం లేకుండా టెండరు పిలవకూడదు. బిల్లు అందిన రోజే తేదీ వేసి రసీదు ఇవ్వాలి. కొలతల్లో కొంత భాగం మీదే వివాదం ఉంటే ఆ భాగం ఆపి, మిగతాది చెల్లించాలి.