రిపేరు చేయించని ఓనరుకి అద్దె ఆపొచ్చా?

మొత్తం ఆపకండి. స్లాబు కారుతోందని మూడు నెలలు అద్దె ఎగ్గొడితే, కేసు నడిచేది కారే స్లాబు మీద కాదు, మీ బకాయి మీద. ఖాళీ చేయించడానికి ఓనరుకు అంతకన్నా తేలికైన కారణం దొరకదు.

చట్టం చూపిన దారి వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108(ఎఫ్): ఓనరు చేయించాల్సిన రిపేరును, నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇందులో మెలిక ‘ఓనరు చేయించాల్సిన’ అన్న మాటలోనే ఉంది. ప్రతి రిపేరూ ఆయన నెత్తిన పడదు. ముందు అగ్రిమెంటు తీసి చదవండి. అందులో ఆ ఊసే లేకపోతే 2021 నమూనా అద్దె చట్టం కొలతగా పనికొస్తుంది: గోడలు, స్లాబు, పైపుల మార్పిడి, కరెంటు వైరింగు, సున్నం ఓనరువి, కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు కిరాయిదారువి. ఒక నెలలో కోసుకునేది సగం అద్దె దాటకూడదనీ ఆ చట్టం అంటుంది. అయితే అది నమూనాయే, రాష్ట్రం చట్టంగా చేసుకున్నచోటే చెల్లుతుంది.

చేయాల్సింది ఇది. తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీయండి. లోపం ఏమిటో, ఎప్పటిలోగా బాగుచేయాలో, లేకపోతే మీరే చేయించి అద్దెలో కోస్తారని రాసి స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లోనూ పెట్టండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. గడువు పని తీరును బట్టి ఉండాలి: షాక్ కొడుతున్న వైరింగుకు ఒకటి రెండు రోజులు, చెమ్మకు రెండు మూడు వారాలు. తర్వాత ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకుని, బిల్లుతోనే పని చేయించండి. నోటి లెక్కలు ఇక్కడే దెబ్బతీస్తాయి. మిగతా అద్దెను గడువు తేదీకే బ్యాంకు ద్వారా వేసి, బిల్లు నకలు జతచేసి లెక్క రాసి పంపండి. టైల్స్ మార్చడం, కొత్త రంగులు వేయడం లాంటి సోకులు ఆ లెక్కలో కలపొద్దు. అడ్వాన్సులో సర్దుకోమనడమూ, అగ్రిమెంటులో లేకపోతే, బకాయి కిందకే వస్తుంది.

ఇప్పటికే అద్దె ఆపేసి కేసులో ఉంటే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 114 ప్రకారం బకాయి, వడ్డీ, కోర్టు ఖర్చులు విచారణ నాటికి కట్టి లీజును రద్దు కాకుండా కాపాడమని అడగొచ్చు. ఒప్పుకోవడం కోర్టు విచక్షణ. రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లకు గడువులు వేరుగా ఉంటాయి, లాయరును అడగండి.

ఓనర్లకు: నోటీసుకు రాతలోనే జవాబివ్వండి, మనిషిని పంపే తేదీ చెప్పండి. కిరాయిదారు తలుపు తీయకపోతే అదీ రాసిపెట్టుకోండి. అద్దె రాలేదన్న కోపంతో నీళ్లు, కరెంటు మాత్రం కట్ చేయొద్దు. బకాయి కేసు చేతిలో ఉన్నా తప్పు మీవైపు తిరుగుతుంది.