కార్తీకంలో గోదావరి పాయల మీద షికారా? చివరి పడవ మాత్రం ఎక్కకండి

కార్తీకం వస్తోందంటే కాకినాడ, కోరంగి, యానాం, అంతర్వేది చుట్టిరావాలని కుటుంబాలు, కాలనీ సంఘాలు పడవలు మాట్లాడుకోవడం మొదలవుతుంది. 2017 నవంబరు 12 కూడా కార్తీక ఆదివారమే. ఆ సాయంత్రం విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో హారతి చూడాలని కృష్ణ మీద బయలుదేరినవారి పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు, ఎక్కినవారు ఎక్కువ. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మందిని పొట్టన పెట్టుకున్న పడవ కూడా పొద్దుగూకాక కిక్కిరిసిన జనంతో తిరిగినదే.

తాగి పడవ ఎక్కవద్దని, అంచున కూర్చోవద్దని చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది చివరి పడవ గురించి.

చివరి పడవ

ఉదయం అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కోరంగి మడ అడవుల్లో చెక్కబాట మీద నడుస్తూ, యానాంలో ఫ్రెంచివారి కాలంనాటి చర్చి చూస్తూ గంటలు మరిచిపోతారు. నవంబరులో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. రేవుకు పరుగెత్తేసరికి అక్కడ ఒకే పడవ, దాని చుట్టూ మనలాగే ఆలస్యమైన జనం. "ఇంకో నలుగురే కదా, సర్దుకోండి" అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. ఆ మాట విన్న వెంటనే దిగిపోండి.

ఎక్కక తప్పదనిపించడానికి కారణం చాలాసార్లు ఒకటే: బయలుదేరిన రేవులో వదిలొచ్చిన కారు. డ్రైవరు ఉంటే కారును ముందే తరువాతి ఊరికి పంపండి. లేకపోతే కారు అక్కడే ఉండనివ్వండి. కోరంగి, తాళ్ళరేవు, యానాం అన్నీ కాకినాడ రోడ్డు మీదే ఉన్నాయి. బస్సు దొరుకుతుంది, ఆటో దొరుకుతుంది, యానాంలో రాత్రికి గది దొరుకుతుంది. చివరి పడవ ఎక్కవలసిన అవసరం ఈ దారిలో ఎక్కడా లేదు.

పోటు, పాటు

సముద్రపు నీరు పాయల్లోకి ఎక్కడం పోటు, వెనక్కి తీయడం పాటు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా కిందికి పోతుంది. కార్తీక పౌర్ణమికి జనం ఎక్కువ, నీటి లాగుడూ ఎక్కువ. పాటు వేళ మడ కాలువల్లో నీరు తగ్గి పడవ బురదలో కూరుకుపోతుంది. కదలాలంటే మళ్ళీ పోటు రావాలి, ఆలోగా చీకటి పడుతుంది. అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట బయటికి పోయే నీటికి సముద్రపు గాలి ఎదురైతే అలలు నిటారుగా లేస్తాయి. అన్నాచెల్లెళ్ళ గట్టు అని పిలిచే ఆ చోటును ఒడ్డు నుంచే చూడండి. బయలుదేరే ముందు పడవ నడిపే సరంగును పోటు ఎన్ని గంటలకని అడగండి. చెప్పలేకపోతే ఆ పడవ వద్దు.

అల్పపీడనం వార్త విన్నా, కాకినాడ రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా ప్రయాణం మానేయండి. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవును నాశనం చేసింది 1839 నవంబరు తుపానే.

ఇంకా

లైఫ్ జాకెట్ తొడుక్కున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది చెవుల దాకా జారితే నీళ్ళలో తల మీదుగా ఊడిపోతుంది. పట్టీలు బిగించండి, లేదా వేరేది అడగండి. పిల్లలకు పిల్లల జాకెట్టే వేయాలి. ఉక్కపోస్తోందని తీసి ఒళ్ళో పెట్టుకోవద్దు. ఎక్కగానే తలలు లెక్కపెట్టండి, పడవ మీద రాసి ఉన్న సంఖ్యతో పోల్చండి. సంఖ్య రాసి లేకపోతే ఎక్కవద్దు. డాల్ఫిన్ అని ఎవరైనా అరిస్తే లేవవద్దు. అందరూ ఒకే పక్కకు వెళ్తే పడవ ఒరుగుతుంది. ఫొటోలు కూర్చునే తీసుకోండి. చేపల పడవకు కుర్చీలు వేసి తెస్తే వద్దనండి. చీర కొంగు నడుముకు దోపుకోండి. ఫోన్లు ప్లాస్టిక్ సంచిలో వేయండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వాహనాలను దాటించే పంటు మీద కారులోంచి దిగి నిలబడండి, లోపల ఉండగా కారు నీళ్ళలో పడితే తలుపులు తెరుచుకోకపోవచ్చు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో ఒడ్డున ఉన్న ఒకరికి చెప్పండి. నాలుగు గంటలకల్లా నీటి మీద నుంచి దిగిపోండి. నాలుగు దాటితే బస్సే. డబ్బు ముందే కట్టేశామన్నా, పెద్దవాళ్ళు విసుక్కున్నా, సరంగు బతిమాలినా చివరి పడవ ఎక్కకండి.