ఇంగ్లీషు ‘క్వైట్’ను సరిగ్గా వాడటం ఎలా?

ఒక గుణం ఎంత మోతాదులో ఉందో చెప్పే క్రియావిశేషణాలు ఇంగ్లీషులో చాలానే ఉన్నాయి. వాటిలో ‘వెరీ’ లాంటిది ఎక్కడ పెట్టినా ఒకే పని చేస్తుంది. ‘క్వైట్’ అలా కాదు. దాని బలం పక్కన వచ్చే మాటను బట్టి మారిపోతుంది. నిఘంటువులో ‘పూర్తిగా’, ‘ఒక మోస్తరుగా’, ‘చాలా’ అనే అర్థాలు వరసగా కనిపించడంతో, నేర్చుకునేవారు వాటిలో ఏదో ఒకటి గుర్తుపెట్టుకుని అన్నిచోట్లా దాన్నే వాడేస్తుంటారు. ‘క్వైట్’ తర్వాత ఏ మాట ఉందో ముందు చూసి, ఆ తర్వాతే దాని అర్థాన్ని తేల్చుకోవడం అలవాటు చేసుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఆ తర్వాతి మాట విశేషణమైతే, అది ఎక్కువ తక్కువలకు వీలిచ్చేదా కాదా అన్నది మొదటి ప్రశ్న. దీన్ని తెలుగులోనే పరీక్షించుకోవచ్చు. ‘చాలా పొడవు’, ‘చాలా అలసట’ అంటాం కానీ, ‘చాలా అసాధ్యం’ అంటే చెవికి ఇంపుగా ఉండదు. అక్కడ ‘పూర్తిగా అసాధ్యం’ అనే అంటాం. ‘ఇంపాజిబుల్’, ‘పర్ఫెక్ట్’, ‘ఎగ్జాస్టెడ్’ వంటి మాటలు ఇప్పటికే ఒక కొసన నిలబడి ఉన్నాయి కాబట్టి, వాటి ముందు వచ్చే ‘క్వైట్’కు ‘పూర్తిగా’ అనే అర్థం. ‘ఇట్ ఈజ్ క్వైట్ ఇంపాజిబుల్’ అంటే ఏ మాత్రం వీలు కాదని. ‘రైట్’, ‘షూర్’, ‘సర్టెన్’, ‘డిఫరెంట్’ అనే నాలుగింటిని మాత్రం విడిగా గుర్తుంచుకోవాలి. ‘వెరీ డిఫరెంట్’ అనే వాడుక ఉన్నా, ‘క్వైట్ డిఫరెంట్’ అన్నప్పుడు అది ‘బొత్తిగా వేరు’ అనే అర్థాన్నే ఇస్తుంది. నిజానికి ‘పూర్తిగా’ అన్నదే ఈ మాటకు పాత అర్థం. ‘ఒక మోస్తరుగా’ అన్నది చాలా తర్వాత వచ్చి చేరింది.

అసలు తంటా అంతా ‘గుడ్’, ‘లాంగ్’, ‘టైర్డ్’ వంటి మామూలు విశేషణాల దగ్గరే. బ్రిటిష్ వాడుకలో ‘ద రిపోర్ట్ ఈజ్ క్వైట్ గుడ్’ అంటే నివేదిక అద్భుతంగా ఉందని కాదు. తెలుగులో ‘బాగుంది’ అనడానికీ, ‘బాగానే ఉంది’ అనడానికీ ఉన్న తేడా తెలిసినవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు, ఎందుకంటే ఆ ‘నే’ చేరగానే మెప్పు ఎలా ఒక మెట్టు దిగుతుందో, ‘గుడ్’ ముందు ‘క్వైట్’ చేరినప్పుడు కూడా అలాగే దిగుతుంది. మాట్లాడేటప్పుడు ఊనిక కూడా లెక్కలోకి వస్తుంది: ‘క్వైట్’ను నొక్కి పలికితే ‘ఫర్వాలేదు కానీ...’ అన్న వెలితి వినిపిస్తుంది, ‘గుడ్’ను నొక్కి పలికితే అనుకున్నదానికన్నా బాగుందన్న ధ్వని వస్తుంది. అమెరికన్ వాడుకలో ఈ దిగుడు సాధారణంగా ఉండదు. అక్కడ ‘క్వైట్ గుడ్’ దాదాపు ‘వెరీ గుడ్’తో సమానం. ఒకే వాక్యాన్ని ఒకరు మెచ్చుకోలుగానూ, మరొకరు మొహమాటపు మాటగానూ తీసుకునే వీలున్నప్పుడు, సిఫారసు లేఖల్లోనూ పనితీరు నివేదికల్లోనూ మామూలు విశేషణాల ముందు ‘క్వైట్’ను వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పొగడదలిస్తే ‘వెరీ’, మధ్యస్థంగా చెప్పదలిస్తే ‘ఫెయిర్లీ’ ఉండనే ఉన్నాయి.

క్రియలతోనూ ఇదే తీరు. ‘ఐ క్వైట్ లైక్ ఇట్’ అంటే బ్రిటిష్ వాడుకలో ‘నాకు నచ్చింది లెండి’ అన్నంత మాత్రమే. ‘ఐ క్వైట్ అగ్రీ’ అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నానని, ‘ఐ క్వైట్ ఫర్గాట్’ అంటే బొత్తిగా మరిచిపోయానని. ఇష్టానికి కొలతలుంటాయి, ఒప్పుకోవడానికీ మరిచిపోవడానికీ ఒక ముగింపు ఉంటుంది. తేడా అక్కడినుంచే వస్తుంది. ఇలాంటి వాక్యాల్లో ‘క్వైట్’ ప్రధాన క్రియకు ముందు, సహాయక క్రియ ఉంటే దాని తర్వాత వస్తుంది.

ఆర్టికల్ ఉన్నప్పుడు వరస మారుతుంది. ‘ఎ వెరీ లాంగ్ లెటర్’ అని రాయడానికి అలవాటుపడిన చేయి ‘ఎ క్వైట్ లాంగ్ లెటర్’ అని రాసేస్తుంది. సహజమైన వరస మాత్రం ‘క్వైట్ ఎ లాంగ్ లెటర్’, అంటే ‘క్వైట్’ ముందు, ‘ఎ’ తర్వాత. మధ్యలో విశేషణమే లేకుండా ‘క్వైట్ ఎ సర్‌ప్రైజ్’, ‘క్వైట్ ఎ క్రౌడ్’ అన్నప్పుడు మెప్పు దిగదు, పెరుగుతుంది: పెద్ద ఆశ్చర్యమే, పెద్ద గుంపే అని అర్థం. ‘క్వైట్ ఎ ఫ్యూ’ కూడా ఈ కోవలోదే. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని, ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే చాలానే. విడివిడి మాటల అర్థాలు కలుపుకుంటే ఇది ‘చాలా కొద్ది’ అనిపిస్తుంది కాబట్టి, దీన్ని విడదీయకుండా ఒకే మాటగా నేర్చుకోవాలి.

‘నాట్’ చేరితే ‘క్వైట్’ ఎప్పుడూ ‘పూర్తిగా’ అనే అర్థంలోనే ఉంటుంది. ‘ఐ యామ్ నాట్ క్వైట్ రెడీ’ అంటే దాదాపు సిద్ధమయ్యాను, ఇంకొంచెం మిగిలింది అని. ఎవరైనా గది బయట ఎదురుచూస్తున్నప్పుడు ‘నాట్ రెడీ’ అంటే వాళ్లు కూర్చుంటారు, ‘నాట్ క్వైట్ రెడీ’ అంటే నిలబడే ఉంటారు. పూర్తి అనే హద్దు లేని మాటకు ఇది అతకదు. అందుకే ‘నాట్ క్వైట్ గుడ్’ అనరు, ‘నాట్ వెరీ గుడ్’ అంటారు. కానీ ‘నాట్ క్వైట్ గుడ్ ఇనఫ్’ మాత్రం చక్కని ఇంగ్లీషే, ఎందుకంటే ‘ఇనఫ్’ రాగానే అందుకోవలసిన హద్దు ఏర్పడింది, ఇది దానికి కాస్తలో తప్పింది.

రెండింటిని పోల్చే ‘బిగ్గర్’, ‘చీపర్’ వంటి రూపాల ముందు ‘క్వైట్’ను వాడకూడదు. ‘క్వైట్ చీపర్’కు బదులు, తేడా ఎక్కువైతే ‘మచ్ చీపర్’, తక్కువైతే ‘ఎ బిట్ చీపర్’ అనాలి. దీనికి ఒకే ఒక మినహాయింపు ‘క్వైట్ బెటర్’. బ్రిటిష్ వాడుకలో దాని అర్థం జబ్బు పూర్తిగా నయమైందని. కొంత నెమ్మదించిందని మాత్రమే చెప్పాలంటే అక్కడ కూడా ‘ఎ బిట్ బెటర్’ అనే అనాలి.

ఇక మిగిలింది స్పెల్లింగు. నిశ్శబ్దం అనే అర్థమున్న ‘క్వయెట్’లో చివర ‘ఈ’ తర్వాత ‘టీ’ వస్తుంది, మన ‘క్వైట్’లో ‘టీ’ తర్వాత ‘ఈ’ వస్తుంది. రెండూ లాటిన్‌లో ఒకే మాటనుంచి పుట్టినవే అయినా ఇప్పుడు వాటి మధ్య సంబంధమేమీ మిగలలేదు. పలకడంలో ‘క్వయెట్’కు రెండు సిలబుల్స్ (విడిగా పలికే ముక్కలు), ‘క్వైట్’కు ఒకటే. విడివిడిగా చూస్తే రెండూ సరైన మాటలే కనుక, అక్షరదోషాలను మాత్రమే పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఈ తారుమారు కనిపించదు. రాసింది పంపేముందు ఈ మాట ఉన్నచోట మాత్రం కళ్లతోనే చూసుకోవాలి.