ఇంట్లోనే డిగ్రీ భౌతికశాస్త్రం – మొదటి పాఠం: వచ్చిన విలువను ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంటర్మీడియట్ పూర్తిచేసి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బీఎస్సీ మొదటి సెమిస్టరులో చేరబోతున్న వారి కోసం, కళాశాలకు వెళ్లే వీలు లేక ఇంటి దగ్గరే చదువుకోవాలనుకుంటున్న వారి కోసం ఈ పాఠాలు మొదలుపెడుతున్నాను. మొదటి పాఠానికి న్యూటన్ నియమాలు అక్కరలేదు. ఒక బత్తాయి, మీటరుకు మించి పొడవున్న గట్టి దారం, కొలిచే టేపు, సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్ ఉంటే చాలు. మన నల్లగొండ జిల్లాలో బత్తాయికి కరువు లేదు. వీటితో మీ ఊళ్లో గురుత్వ త్వరణం, అంటే పుస్తకాల్లో జి అని రాసేది, ఎంతో మీరే కొలవబోతున్నారు.

జి విలువ 9.8 అని మనకు తొమ్మిదో తరగతి నుంచే తెలుసు కదా, మళ్లీ కొలవడం ఎందుకని అనిపించవచ్చు. నేనూ డిగ్రీ మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. ప్రయోగశాలలో లఘులోలకంతో, అంటే దారానికి వేలాడదీసి ఊపే గుండుతో, నాకు 10.8 వచ్చింది; ఎక్కడ తప్పు జరిగిందో వెతకకుండా, రికార్డులో 9.8 అని దిద్ది సంతకం పెట్టించుకున్నాను. ఆ రోజు ప్రయోగం నాకు చెప్పబోయిన విషయాన్ని నేనే చెరిపేశానని చాలా కాలానికి గాని అర్థం కాలేదు. ఇంటర్‌లో సూత్రం గుర్తుంటే మార్కులు వస్తాయి. డిగ్రీలో అడిగేది వేరు: ఈ విలువ నీకెలా తెలుసు, ఎంత గట్టిగా తెలుసు? ఆ ప్రశ్నకు జవాబివ్వడం నేర్చుకోని వాడికి తరువాత వచ్చే యాంత్రికశాస్త్రమూ విద్యుత్తూ బట్టీపట్టే పాఠాలుగానే మిగిలిపోతాయి.

ఇక పనిలోకి దిగుదాం. బత్తాయికి అడ్డంగానూ నిలువుగానూ దారం చుట్టి గట్టిగా ముడివేయండి. పైకొనను మేకుకు కడితే ఊగేటప్పుడు ముడి జరిగి పొడవు మారుతుంది కాబట్టి, దారాన్ని రెండు చెక్కముక్కల మధ్య నొక్కి బిగించండి. లోలకం పొడవు అంటే ఆ చెక్కల కింది అంచు నుంచి బత్తాయి కేంద్రం దాకా ఉన్న దూరం, బత్తాయి కింది భాగం దాకా కాదు. కాయను రెండు పుస్తకాల మధ్య ఉంచి, వాటి మధ్య దూరం కొలిస్తే వ్యాసం తెలుస్తుంది. అందులో సగాన్ని దారం పొడవుకు కలపండి. మొత్తం సరిగ్గా ఒక మీటరు వచ్చేలా సర్దండి.

ఇప్పుడు కాయను పక్కకు జానెడు కాదు, బెత్తెడు మాత్రమే లాగి వదలండి. మనం వాడే సూత్రం చిన్న ఊపులకే వర్తిస్తుంది. కోణం 10 డిగ్రీలయితే ఆవర్తన కాలం, అంటే ఒక ఊపుకు పట్టే సమయం, దాదాపు 0.2 శాతం పెరుగుతుంది, 5 డిగ్రీలలోపు అయితే ఆ తేడా పట్టించుకోనవసరం లేనంత తక్కువ. కాయ అన్నిటికంటే వేగంగా కదిలేది అడుగున కాబట్టి, అక్కడ దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. గడియారాన్ని అక్కడే మొదలుపెట్టండి. కాయ అటు వెళ్లి, ఇటు వచ్చి, మళ్లీ అదే దిశలో అడుగును దాటితే ఒక ఊపు. మొదలుపెట్టిన క్షణాన “సున్నా” అనాలి, “ఒకటి” అనకూడదు. నాకు 10.8 రావడానికి కారణం ఇదే: ఒకటితో మొదలుపెట్టి ఇరవై దాకా లెక్కించాను, అంటే కొలిచింది పంతొమ్మిది ఊపులనే.

ఒక మీటరు లోలకానికి 20 ఊపులకు 40.2 సెకన్లు పట్టిందనుకుందాం. ఒక ఊపుకు 2.01 సెకన్లు. 39.48ని పొడవుతో గుణించి, ఆవర్తన కాలపు వర్గంతో భాగిస్తే జి వస్తుంది (39.48 అంటే 4π², పై వర్గానికి నాలుగు రెట్లు). మనకు వచ్చేది 9.77.

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. బొత్తాం నొక్కడంలో మన చేతికి కొంత ఆలస్యం ఉంటుంది. మొదట్లోనూ చివర్లోనూ అది ఒకే మాదిరిగా ఉంటే రద్దయిపోయేది, కాని ఉండదు. ఆ తేడా సుమారు 0.2 సెకన్లు. ఒకే ఊపును కొలిచి ఉంటే, రెండు సెకన్లలో 0.2 అంటే 10 శాతం. ఆవర్తన కాలం సూత్రంలో వర్గంగా వస్తుంది కాబట్టి ఆ శాతం జిలో రెట్టింపై 20 అవుతుంది, అంటే జి 7.8 నుంచి 11.8 దాకా ఎంతైనా కావచ్చు. ఇరవై ఊపులు కొలిస్తే అదే 0.2 సెకన్లు 40లో అర శాతమే, జిలో ఒక శాతం. చేయి మారలేదు, గడియారం మారలేదు. కొలిచే పద్ధతి మారింది. టేపులో మూడు మిల్లీమీటర్ల తేడా ఉన్నా అది 0.3 శాతమే కాబట్టి ప్రస్తుతానికి వదిలేయవచ్చు. కనుక రాయవలసిన జవాబు 9.77 కాదు, 9.8, అటూ ఇటూ 0.1. చివరి 7ను నమ్మే హక్కు మనకింకా రాలేదు.

దీనినే తెలుగు పుస్తకాల్లో దోషమని, ఇంగ్లిషు పుస్తకాల్లో ఎర్రర్ అని అంటారు. రెండు మాటలూ మనవాళ్లను భయపెడతాయి, ఏదో తప్పు చేశామన్నట్టు. ఊపులు తప్పుగా లెక్కపెట్టడం పొరపాటు; 0.1 అనేది మనకు ఎంత తెలుసో నిజాయితీగా చెప్పే హద్దు. అనిశ్చితి అన్న మాట నాకు ఎక్కువ ఇష్టం.

ఇంత చిన్న తేడాలతో ఏం పని? 1672లో జాఁ రిషేర్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు వెళ్లి చూస్తే, పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది, అంటే అక్కడ జి కాస్త తక్కువ. ఆయన దానిని గడియారం లోపమని కొట్టిపారేయలేదు. ఆ గమనికను న్యూటన్ 1687లో, భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉందనడానికి ఆధారంగా తీసుకున్నాడు. జి ధ్రువాల దగ్గర సుమారు 9.83, భూమధ్యరేఖ దగ్గర 9.78. దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న మన నల్లగొండలో కూడా అది 9.78 దరిదాపుల్లోనే ఉంటుంది. మన ఒక శాతం కొలతకు ఈ తేడా అందదు.

వచ్చే పాఠానికి 60, 80, 100, 120 సెంటీమీటర్ల పొడవులతో, ఒక్కో పొడవుకు 20 ఊపుల కాలాన్ని మూడేసి సార్లు కొలిచి పట్టిక రాసి పెట్టుకోండి. నచ్చని కొలతను కొట్టివేయకండి, పక్కన కారణం రాయండి. ఆవర్తన కాలపు వర్గానికీ పొడవుకూ గ్రాఫు గీసినప్పుడు, బత్తాయి కేంద్రాన్ని గుర్తించడంలో మీరు చేసిన పొరపాటు జిని తాకకుండా ఎలా పక్కకు తప్పుకుంటుందో ఆ పట్టికతోనే చూద్దాం.