రేపటి గూఢచారి నవల రాయడం ఎలా?

నా మొదటి సైబర్‌పంక్ నవలలో (కంప్యూటర్లూ యంత్రాలూ మనిషి ఒంట్లోకే దూరిపోయిన రేపటి రోజుల కథ) మూడో పేజీ తిప్పేసరికి ముగ్గురు చచ్చిపోయారు, అయిదు రోబోలు పేలిపోయాయి. చదవమని మా తమ్ముడికిచ్చాను. పది పేజీలయ్యాక ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇంతకీ ఇందులో మనం ఎవరి పక్షం?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితాలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

ఆ తర్వాత రాసినవాటిలో కాస్తో కూస్తో నిలబడింది ఎలా కుదిరిందో చెబుతాను. ఒకే కథను పట్టుకుని మొదటి నుంచి కట్టుకుంటూ వెళ్దాం: 2070ల్లో అమెరికా, చైనాల మధ్య నడిచే గూఢచారి కథ.

1. మహానగరం వద్దు, ఒక ఊరు వెతకండి

సైబర్‌పంక్ అనగానే చాలామంది వాన, నియాన్ బోర్డులు, వంద అంతస్తుల మేడలతో మొదలుపెడతారు. పాఠకుడు వాటిని చూసీ చూసీ ఉన్నాడు. మ్యాప్ తెరిచి, పెద్ద దేశాలవాళ్ళు రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పని చిన్న చోటేదో వెతకండి. నాకు దొరికింది నీ-ఓలెసుండ్.

ఇది స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఉత్తర ధ్రువానికి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1920 నాటి ఒప్పందం ప్రకారం ఈ దీవులు నార్వేవి. కానీ ఒప్పందంలో చేరిన దేశాల పౌరులు అక్కడ ఉండొచ్చు, పనులు చేసుకోవచ్చు, వీసా అడగరు. యుద్ధ అవసరాలకు మాత్రం ఆ నేలను వాడకూడదు. అంటే మీ కథలో సైనికులెవరూ యూనిఫాంలో రాలేరు. గైడుగానో, మెకానిక్‌గానో, మంచు కొలిచే సైంటిస్టుగానో రావాలి. నవలకు ఇంతకన్నా ఏం కావాలి?

ఊరు ఒకప్పటి బొగ్గు గని. 1962లో ప్రమాదం జరిగి 21 మంది చనిపోయాక గని మూతపడింది, పరిశోధన కేంద్రాలు వచ్చాయి. చైనా వాళ్ళది ఎల్లో రివర్ స్టేషన్, 2004 నుంచి ఉంది. దాని గుమ్మానికి అటూ ఇటూ రెండు రాతి సింహాలు. మన దేశానిదీ ఒకటుంది, 2008లో తెరిచిన హిమాద్రి. చలికాలంలో ఊరి మొత్తం జనాభా మన అపార్ట్‌మెంట్‌లో ఒక్క బ్లాకంత ఉండదు. అందరి భోజనాలూ ఒకే మెస్సులో. ఎవరిమీద నిఘా పెట్టారో వాళ్ళకే సూప్ గిన్నె అందించాలన్నమాట.

నన్ను పూర్తిగా పడేసింది ఇంకోటి. ఆ ఊళ్ళో వైఫై, బ్లూటూత్ నిషేధం. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల వెలిగే క్వేసార్ల (గెలాక్సీల నడిబొడ్డుల) రేడియో సందడిని వింటూ భూమి ఎలా తిరుగుతోందో కొలిచే యాంటెనాలు అక్కడున్నాయి. పక్క గదిలో బ్లూటూత్ వాటికి చెవి పక్కన కొట్టే డప్పు లాంటిది. ఒంటి నిండా చిప్పులున్న 2070ల గూఢచారిని తెచ్చి ఈ ఊళ్ళో దింపండి. సిగ్నల్ పంపిన మరుక్షణం దొరికిపోతాడు. అంత టెక్నాలజీ ఉండీ చీటీలు మార్చుకోవాల్సిందే.

ఇలాంటి చోటు గురించి చదివేటప్పుడు చిన్న చిన్న అలవాట్లు రాసుకోండి. ఈ ఊళ్ళో తలుపులకు తాళాలు వేయరు, ఎలుగుబంటి ఎదురైతే ఏ ఇంట్లోకైనా దూరడానికి వీలుగా. స్వాల్‌బార్డ్‌లో చాలాచోట్ల గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి, బొగ్గు మసి రోజుల నుంచి వస్తున్న ఆచారం. ఈ రెండూ గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తాయి.

2. గొడవ దేనికోసమో ఒక్క ముక్కలో చెప్పండి

"ప్రపంచాన్ని నాశనం చేసే ఆయుధం" అన్నారా, సగం మంది అక్కడే పుస్తకం మూసేస్తారు. ఎంత చిన్నదైతే అంత మంచిది.

స్వాల్‌బార్డ్‌లోనే లాంగ్‌ఇయర్‌బీన్ అనే ఊరి పైన కొండ మీద పెద్ద శాటిలైట్ స్టేషన్ ఉంది. అక్కడ దిగిన సమాచారం సముద్రం అడుగున రెండు కేబుళ్ళ మీదుగా నార్వేకి చేరుతుంది. 2022 జనవరిలో వాటిలో ఒకటి దెబ్బతింది. రెండోది ఉంది కాబట్టి పని ఆగలేదు. రెండూ ఒకేరోజు పోతే? నా కథ ఈ ప్రశ్నలోంచే పుట్టింది. అమెరికాకు కావాల్సింది ఒక తేదీ, అంతే. కేబుళ్ళు ఏ రోజు తెగబోతున్నాయి? ఆ తేదీ రాసిన కాగితం ఎల్లో రివర్ స్టేషన్‌లో ఒకడి దగ్గరుంది.

3. ప్రతి యంత్రానికీ ఒక రోగం పెట్టండి

అన్నీ చేయగల పరికరం కథను చంపేస్తుంది. అసలు గూఢచర్య చరిత్రలో మెచ్చుకోదగ్గ పనులన్నీ ఇబ్బందుల్లోంచి వచ్చినవే. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు చెక్కతో చేసిన అమెరికా రాజముద్రను బహుమతిగా ఇచ్చారు. లోపల మైకు. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటి నుంచి రేడియో తరంగాలు పంపినప్పుడే అది పనిచేస్తుంది, మిగతా వేళల్లో ఉత్త చెక్క. 1952 దాకా అది ఎవరికీ దొరకలేదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్‌ది ఇంకో తెలివి. ఇరాన్‌లో నతాంజ్ అణుకేంద్రంలో యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజుల వేగాన్ని అడ్డదిడ్డంగా మారుస్తూ, తెర ముందు కూర్చున్నవాళ్ళకు అంతా మామూలుగానే ఉన్నట్టు చూపించింది. బాంబు కన్నా ఆ అబద్ధమే ఎక్కువ భయపెడుతుంది.

మన కథానాయిక మాధురి, పైకి హిమాద్రిలో వాతావరణ శాస్త్రవేత్త, లోపల అమెరికా కోసం ఆ తేదీ వెతుకుతున్న గూఢచారి. ఎడమ కాలు యంత్రం. మామూలుగా రోజంతా నడుస్తుంది. మైనస్ 20లో లిథియం బ్యాటరీ నీరుగారిపోతుంది కాబట్టి ఆరుబయట కొన్ని నిమిషాలకే మొండికేస్తుంది. చాలు, ఇంకో పరికరం ఇవ్వకండి. నేను మొదట ఆమెకు కన్ను కూడా మార్చాను. మూడో అధ్యాయంలో మళ్ళీ మామూలు కన్ను పెట్టేశాను.

4. అమ్ముడుపోయినవాడికి ఇంటి సమస్య ఉండాలి

1970ల్లో అమెరికా డైవర్లు జలాంతర్గామిలోంచి దిగి, ఒఖోట్‌స్క్ సముద్రం అడుగున సోవియట్ కేబుల్‌కు వినికిడి యంత్రం తగిలించారు. అంత సాహసాన్ని అప్పుల్లో మునిగిన అమెరికా నిఘా సంస్థ మాజీ ఉద్యోగి రొనాల్డ్ పెల్టన్ సోవియట్లకు అమ్మేశాడు. అతనికి దక్కింది 35,000 డాలర్లు. ఇటువైపు అమెరికాకు రాడార్ రహస్యాలు అందించిన మాస్కో ఇంజనీరు అడాల్ఫ్ తోల్కచేవ్, సొమ్ముతో పాటు కొడుకు కోసం రాక్ సంగీతం రికార్డులు కూడా అడిగాడు. 1986లో అతనికి మరణశిక్ష అమలైంది. ఆ రికార్డుల సంగతి చదివినప్పటి నుంచి "దేశద్రోహి" అన్న మాటను నేను అంత తేలిగ్గా రాయలేకపోతున్నాను.

మీ పాత్రకూ అలాంటిదే ఒకటి వెతకండి. సిద్ధాంతాలు రెండో వరసలో ఉంటే చాలు.

5. వేగం కావాలంటే గడువు పెట్టండి

అసలు కిటుకు ఇక్కడుంది. కాల్పులు పెంచితే కథ పరిగెత్తదు, పాఠకుడు గడియారం చూసుకుంటుంటే పరిగెడుతుంది.

ధ్రువాల మీదుగా తిరిగే నిఘా ఉపగ్రహం భూమిని ఒక చుట్టు చుట్టడానికి సుమారు 100 నిమిషాలు పడుతుంది. ఒక్కో చుట్టులో మన నెత్తిమీద ఉండేది ఓ పది నిమిషాలు. ఉత్తరాన ఇంత పైకి వచ్చాక దాదాపు ప్రతి చుట్టులోనూ అది కనిపిస్తుంది. నీ-ఓలెసుండ్‌లో అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. కెమెరాలకు చీకటి అడ్డం, రాడార్‌కు కాదు. కాబట్టి మాధురి గుమ్మం దాటాలంటే ఉపగ్రహం వెళ్ళిపోవాలి, మళ్ళీ వచ్చేలోగా లోపలికి చేరాలి.

మొదటి అధ్యాయంలో ఆమెకు 90 నిమిషాలు ఇవ్వండి. శత్రువు ఇంకో ఉపగ్రహం జరిపాడు, 40 అయింది. తర్వాత 15. చివరికి 4. ప్రతి అధ్యాయం ఆ విరామం ఎంతసేపో అంతసేపే నడవాలి. కాగితం మీద గీత గీసి నిమిషాలు రాసుకోండి, పేజీలు వాటంతటవే కురచవుతాయి.

6. ఒక సన్నివేశం రాసి చూసుకోండి

నేను ముందు రాసింది ఇది: "మాధురి నరాల్లో లక్షల టెరాబైట్ల సమాచారం పోటెత్తింది. ఆమె యాంత్రిక పాదం నీలికాంతితో జ్వలించింది."

సిగ్గుపడి తిరగరాసింది ఇది:

"మెస్సు గుమ్మంలో కుడి బూటు విప్పింది. ఎడమది విప్పితే లోహం కనబడుతుంది. మూడు నెలలైనా వంటాయన ఇప్పటికీ అటే చూసి చప్పున తల తిప్పుకుంటాడు. విప్పింది. అరలో తన బూట్ల పక్కన 41 నంబరు జత ఉంది. నిన్నటిదాకా అది కింది అరలో ఉండేది. ఎడమ బూటు లోపలి అట్ట అంచు లేచి ఉంది. లోపల ముప్పై మంది తింటున్నారు. గోడ గడియారం ఏడూ పది. ఏడూ ఇరవై రెండుకి ఉపగ్రహం."

ఆ 41 నంబరు జత ఎల్లో రివర్ స్టేషన్‌లో కాగితం ఉన్నవాడిది. ఎక్కడా తుపాకీ లేదు. ఒక బూటుంది, ఒక గడియారముంది.

7. మాటలు ఎలా మాట్లాడిస్తారు?

"నాడీ అనుసంధాన యంత్రం" అని ఏ సైనికుడూ అనడు. మనం పవర్ కట్‌ని "కరెంటు పోయింది" అంటాం కదా, వాళ్ళూ అంతే. చెవిలోని అనువాద యంత్రం ఆగిపోతే "చెవి పోయింది" అంటారు. కొత్త వస్తువుకు వాడేవాళ్ళే పొట్టిపేరు పెట్టుకుంటారు, ఆ పేరే రాయండి. కింద వివరణ ఇవ్వకండి, రెండోసారి వచ్చేసరికి పాఠకుడే పట్టేస్తాడు. కల్నల్, కమాండర్, రాడార్, కోడ్ లాంటివి అలాగే ఉంచండి. ఆదేశాలు రెండు మూడు మాటలకు మించకూడదు. వెనక నుంచి నడిపించే అధికారి మాధురిని "మేడమ్" అంటూనే బెదిరిస్తే, "ఏయ్" అన్నదానికన్నా భయంగా ఉంటుంది.

8. ఆఖరి అధ్యాయం

ఇక్కడ కొత్త మనిషినీ, కొత్త యంత్రాన్నీ తేవద్దు. ముందే ఇచ్చినవాటితోనే తేల్చాలి. నా లెక్క ఇలా మిగిలింది: ఉపగ్రహానికి 4 నిమిషాల విరామం, హిమాద్రి దాకా నడకకు 6 నిమిషాలు, మాధురి బూటులో తేదీ రాసిన కాగితం, కాలి బ్యాటరీ దాదాపు ఖాళీ. రెండు నిమిషాలు తక్కువ. వారం రోజులు ఆ రెండు నిమిషాల దగ్గరే ఆగిపోయాను. చివరికి మొదటి అధ్యాయం మళ్ళీ చదువుతుంటే తట్టింది, ఊళ్ళో తాళాలు లేవుగా. నాలుగో నిమిషంలో మాధురి రాతి సింహాల మధ్యనుంచి వెళ్ళి, తలుపు తోసుకుని లోపలికి నడిచి, వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టింది.