టర్బో మార్చాక ఘాట్‌లో లాగని లారీ: నా అనుభవం

మాది కోరాపుట్. పాత డీజిల్ లారీకి వేస్ట్‌గేట్ (ఒత్తిడి ఎక్కువైతే ఎగ్జాస్ట్ వాయువును పక్కదారి పట్టించే మూత) ఉన్న పెద్ద టర్బో (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) వేయించాక, సాలూరు నుంచి లోడుతో సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగేది కాదు, వెనక ఒకటే నల్ల పొగ. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్ గొట్టాలు అన్నీ చూశాం, లాభం లేదు.

ఇంజిన్ చల్లారాక యాక్చుయేటర్ (గాలి ఒత్తిడితో వేస్ట్‌గేట్ మూతను తెరిచే స్ప్రింగు డబ్బా) రాడ్ క్లిప్పు తీసి, వేస్ట్‌గేట్ మూతను చేత్తో పూర్తిగా మూసి పట్టుకున్నాం. రాడ్ చివరి కన్ను లాగే పనే లేకుండా మూత పిన్ను మీదకి జారిపోయింది. అంటే స్ప్రింగుకి బిగువే లేదు. ఘాట్‌లో ఎగ్జాస్ట్ ఒత్తిడికే మూత తెరుచుకుని, టర్బో తిప్పాల్సిన వాయువు పక్కదారి పడుతోందన్నమాట. లాక్ నట్టు వదులు చేసి, కన్నుని కొద్దికొద్దిగా తిప్పుతూ రాడ్ పొట్టి చేశాం, కాస్త లాగితేనే పిన్ను ఎక్కేంతవరకు. మా దానికి రెండు మిల్లీమీటర్లు సరిపోయాయి. తర్వాత గేజీ ఉన్న చేతి పంపుతో యాక్చుయేటర్‌కి గాలి కొట్టి, రాడ్ ఎంత ఒత్తిడికి కదులుతుందో చూసి, టర్బోతో వచ్చిన కాగితంలోని అంకెతో సరిపోల్చి, నట్టు బిగించాం.

ఇప్పుడు బాగా లాగుతోంది. గేరు మార్చినప్పుడు కాస్త పొగ ఇంకా ఉంది, పాత డీజిల్ పంపు కదా! అన్ని బండ్లకీ ఇదే మందు అనను. ఎలక్ట్రానిక్ యాక్చుయేటర్ల సంగతి వేరు. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) చూపే గేజీ లేకుండా మాత్రం రాడ్ పొట్టి చేయకండి, హద్దు దాటితే హెడ్ గ్యాస్కెట్‌కే ముప్పు.