సిరోంచ వైపు సైకిల్ తొక్కేవాళ్లకి

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ, అంకీస, ఆసరెల్లి... గోదావరి ఎడమ గట్టు వెంబడి సోమనూరు దగ్గర ఇంద్రావతి కలిసేదాకా చలికాలంలో సైకిల్ తొక్కడానికి మంచి దారి. కాకపోతే ఎండ ఎటు నుంచి పడుతుందో చూసుకుని బయల్దేరండి. ఈ దారి దాదాపు ఆగ్నేయంగా పోతుంది. పొద్దున్నే సిరోంచలో మొదలుపెడితే సూర్యుడు ఎదురుగా, సాయంత్రం తిరిగొస్తుంటే ఎడమ పక్క నుంచి! లారీలు తిరిగే రోడ్డు మీద కళ్లు మిరుమిట్లు గొలిపితే టెన్షనే. అందుకని ముందురోజే సైకిల్‌ని ఏ ట్రాలీ ఆటోలోనో వేసుకుని ఆసరెల్లి వైపు చేరిపోండి, తెల్లవారగానే సిరోంచ వైపు తొక్కండి. ఎండ వీపు మీద పడుతుంది, చలికి హాయి కూడా. భాష గురించి బెంగ అక్కర్లేదు, మహారాష్ట్రే అయినా ఊళ్లలో తెలుగులోనే దారి చెబుతారు.

ఫొటో కోసం చేలల్లోకి దిగాల్సొస్తే సైకిల్‌ని నడిపించకండి, భుజాన ఎత్తుకోండి. కంచెలకి వేసిన తుమ్మ ముళ్లు దారిలో రాలి ఉంటాయి. ఒక ట్యూబు, చేతి పంపు వెంట ఉంచుకోండి. సన్న టైర్ల సైకిళ్ల ట్యూబులు పల్లె షాపుల్లో దొరక్కపోవచ్చు.